మలేరియా క్రిమి ఏ జాతిది? పి.సి.ఆర్. తేల్చే విధానం

మలేరియా అని తేలినంత మాత్రాన రోగనిర్ధారణ పూర్తి కాదు. క్రిమి జాతి కూడా తెలియాలి. కోరాపుట్, మల్కనగిరి సరిహద్దు గ్రామాలకు చిరపరిచితమైన ఫాల్సిపారమ్ మెదడును దెబ్బతీసి ప్రాణం తీయగలదు. వైవాక్స్ కాలేయంలో నిద్రాణంగా దాగి, నెలల తరువాత మళ్లీ జ్వరం తెస్తుంది. దాగిన క్రిమిని నిర్మూలించుటకు ప్రిమాక్విన్ సాధారణంగా 14 రోజులు వాడాలి. గర్భిణులకు అది నిషిద్ధం.

1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఈ క్రిమిని కనుగొన్నది సూక్ష్మదర్శినితోనే. నేటికీ రక్తపూత పరీక్షే ఆధారం. అయితే క్రిములు స్వల్పమైనపుడు, రెండు జాతులు కలిసి సోకినపుడు నిపుణుల కన్ను సైతం పొరబడవచ్చు.

పి.సి.ఆర్. పరీక్షలో రక్తం నుండి డి.ఎన్.ఏ.ను వేరుచేసి, వేడి చేస్తూ చల్లబరుస్తూ క్రిమి జన్యుభాగానికి ప్రతులు తీస్తారు. ప్రతి ఆవృత్తికీ ప్రతులు రెట్టింపై, 30 ఆవృత్తులకు ఒక్కటి సిద్ధాంతరీత్యా 100 కోట్లు దాటుతుంది. 18ఎస్ అనే జన్యువు మలేరియా క్రిములన్నిటికీ ఉన్నా, దాని అక్షరక్రమం జాతికొక తీరు. ఆ భేదమే జాతిని పట్టిస్తుంది.

మలేషియాలోని సరవాక్‌లో సూక్ష్మదర్శినికి మలేరియే జాతిగా కనిపించిన కేసులలో అధికభాగం కోతుల క్రిమి నోలెసీ అని 2004లో ఈ పద్ధతే వెల్లడించింది. చూపునకు రెండూ కవలలే మరి!

ఫలితానికి గంటలు పడుతుంది, ప్రయోగశాల కావాలి. కనుక తీవ్రజ్వరంలో దీనికై వేచి చికిత్స ఆపరాదు. చికిత్సానంతరం కొన్నాళ్లు మృత క్రిముల డి.ఎన్.ఏ. సైతం పట్టుబడవచ్చు.