ఆడపిల్లల కొమ్మ

మొన్న మామగారు డైరీలో మా వంశవృక్షం గీస్తుంటే తొంగిచూశాను. ఏడు తరాల మగవాళ్లున్నారు, ఒక్క ఆడపడుచు పేరూ లేదు. "వాళ్లు వేరే ఇంటికెళ్లారు కదమ్మా" అన్నారు.

కాకతీయుల వంశాన్ని అలా గీస్తే ప్రతాపరుద్రుడే దొరకడండీ! గణపతిదేవుడి కూతురు రుద్రమ, ఆమె కూతురు ముమ్మడమ్మ, ఆమె కొడుకు ఇతను. 1289లో అమ్మమ్మ తర్వాత గద్దెనెక్కాడు.

రుద్రమ తోబుట్టువు గణపాంబ మన పక్కనున్న ధరణికోటకే కోడలిగా వచ్చింది. భర్త కోట బేతరాజు పోయాక తనే ఏలింది. ఆయన పేరున గుడి కట్టించింది. గుంటూరు దగ్గరి యనమదల శాసనంలో అత్తింటి వంశంతోపాటు పుట్టింటి వంశాన్నీ చెక్కించింది. అది నాకెంత నచ్చిందో!

ఇదంతా చెబితే మామగారు కాసేపు ఊరుకుని, తన పెద్ద మేనత్త పేరేమిటని అత్తయ్యని పిలిచి అడిగారు. ఆవిడకి గుర్తుంది.