జన్మ నక్షత్రం రోహిణా..? ఈ చలికాలంలో ఆకాశంలో ఇలా గుర్తుపట్టేయండి!

పిల్లలకు పేరు పెట్టేటప్పుడు, పెళ్లి సంబంధం చూసేటప్పుడు నక్షత్రం అడగని ఇల్లు తెలుగునాట తక్కువే. కానీ ఆ చుక్కను ఆకాశంలో చూసినవాళ్లు ఎంతమంది? కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర.. ఈ నాలుగూ చలికాలంలో దగ్గరదగ్గరే కనిపిస్తాయి. టెలిస్కోప్ అక్కర్లేదు.

డిసెంబర్ చివర్లో, జనవరి మొదట్లో రాత్రి 8.30 ప్రాంతంలో మేడ ఎక్కి తూర్పు వైపు చూడండి. ఒకే వరుసలో, దాదాపు నిలువుగా మూడు చుక్కలు ఉంటాయి. పల్లెల్లో పెద్దవాళ్లు గొల్లకావడి అనేది వీటినే. ఓరియన్ అనే వేటగాడి నడుముపట్టీ ఇది. ఇది దొరికితే సగం పని అయిపోయినట్టే.

దీనికి ఎడమవైపు ఎర్రగా మెరిసేది ఆర్ద్ర, అంటే బెటెల్‌గ్యూస్. 2019 చివర్లో ఇది బాగా మసకబారడంతో పేలిపోతుందేమోనని పెద్ద హడావిడే జరిగింది. తీరా చూస్తే ఆ నక్షత్రం నుంచే ఎగసిన ధూళి అడ్డొచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. కుడివైపు నీలి తెలుపులో ఉండేది రైజెల్.

గొల్లకావడి గీతను పైకి పొడిగిస్తే నారింజ రంగులో రోహిణి, ఇంకా పైకెళ్తే చిన్న గుత్తిలా కృత్తిక. కిందికి దించితే సిరియస్.. రాత్రి ఆకాశంలో అన్నింటికంటే ఎక్కువ మెరిసే నక్షత్రం. దూరం 8.6 కాంతి సంవత్సరాలు. అంటే ఈ రాత్రి కనిపించే వెలుగు ఎనిమిదిన్నరేళ్ల కిందట బయల్దేరిందన్నమాట.

కష్టమంతా మృగశిరతోనే. ఆర్ద్రకు కాస్త పైన, ఎడమగా చిన్న ముక్కోణంలా మూడు మసక చుక్కలు. హైదరాబాద్, విజయవాడ లైట్ల మధ్య దొరకడం కష్టం. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, వెన్నెల లేని రాత్రి చూసుకుని, ఫోన్ జేబులో పెట్టేసి పదిహేను నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు చేయండి. అప్పుడు కనిపిస్తుంది.