‘ఇది పోదు సార్’

2014 నుంచి మూడేళ్ళు న్యూజెర్సీలో ఉన్నాను. ఆ మూడేళ్ళూ పెరుగు డబ్బాలు కడిగాను. ఉత్త నీళ్ళతో కాదు, సబ్బు పెట్టి, అంచుల్లో జిడ్డు కూడా పోయేలా. డబ్బా అడుగున ఒకదాన్నొకటి తరుముకుంటున్న మూడు బాణాలు, మధ్యలో 5 అంకె. అది చూసి రీసైక్లింగ్ బుట్టలో వేస్తే ఆ రోజుకి నా వంతు పని అయిపోయినట్టుండేది.

హైదరాబాద్ వచ్చేశాక కూడా అలవాటు పోలేదు. ఓ ఆదివారం సంచీడు డబ్బాలు పాత పేపర్లు కొనే అతని ముందు పెట్టాను. ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కాడు. టప్పున విరిగింది. "ఇది పోదు సార్. బాటిళ్ళుంటే ఇవ్వండి" అని సంచీ నా చేతికే ఇచ్చేశాడు. విరిగిన ముక్క తిప్పి చూస్తే అవే బాణాలు, ఈసారి 6 అంకె. గుర్తు ఒకటి చెప్తోంది, అతను ఇంకొకటి చెప్తున్నాడు. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, గుర్తు పక్షాన నిలబడి ఆ రాత్రే దాని చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. ఓడిపోయాను.

ఆ బాణాలు పుట్టింది ప్లాస్టిక్ కోసం కాదు. 1970, అమెరికాలో మొదటి ఎర్త్ డే జరిగిన ఏడాది. అట్టపెట్టెలు తయారుచేసే కంటెయినర్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా, రీసైకిల్ చేసిన కాగితానికి ఒక గుర్తు కావాలని విద్యార్థులకు పోటీ పెట్టింది. గ్యారీ ఆండర్సన్ అనే కుర్రాడు గెలిచాడు. కాగితపు పట్టీని ఒక మెలిక తిప్పి అంటిస్తే వచ్చే మోబియస్ పట్టీలోంచి తీసిన బొమ్మ అది. తర్వాత ఆ గుర్తు ఎవరి సొత్తూ కాకుండా పోయింది. ఎవరైనా వాడుకోవచ్చు, వాడుకున్నారు.

1987లో ఒక చెత్త పడవ కథ నడిచింది. మోబ్రో 4000 అనే బార్జి న్యూయార్క్ నుంచి 3,000 టన్నులకు పైగా చెత్త మోసుకుని దక్షిణానికి బయల్దేరింది. నార్త్ కరొలైనా వద్దంది, లూసియానా వద్దంది, మెక్సికో, బెలీజ్ కూడా వద్దన్నాయి. నెలల తరబడి తిరిగి తిరిగి చివరికి న్యూయార్కే చేరింది. బ్రూక్లిన్‌లో తగలబెట్టి బూడిద పూడ్చారు. దేశమంతా టీవీలో చూసింది. చెత్తకి చోటు లేదన్న భయం పట్టుకుంది.

మరుసటి ఏడాదే, 1988లో, ప్లాస్టిక్ తయారీదారుల సంఘం 1 నుంచి 7 దాకా అంకెలు తెచ్చింది. ఏ రకం ప్లాస్టికో చెప్పడం వరకే ఆ అంకె పని. కానీ దాన్ని పెట్టింది ఎక్కడ? బాణాల త్రికోణంలో! మా వృత్తి భాషలో చెప్పాలంటే అది ఫైల్ పేరు చివరుండే ఎక్స్‌టెన్షన్ లాంటిది. ఎక్స్‌టెన్షన్ ఉన్నంత మాత్రాన ఆ ఫైలు తెరిచే ప్రోగ్రామ్ మీ దగ్గరుందని కాదు. 1 అంటే నీళ్ళ బాటిల్, 2 అంటే షాంపూ సీసాలాంటివి. వీటికి కొనేవాళ్ళున్నారు. 6 పాలీస్టైరీన్. బరువుండదు, చోటు మాత్రం తినేస్తుంది. కూరగా మిగిలిన పెరుగు కూడా తోడైతే దాన్ని మోసుకెళ్ళే ఖర్చే గిట్టదు. 2013లో ప్రమాణాల సంస్థ బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టమంది. నా చేతిలో విరిగిన డబ్బా మీద మాత్రం ఇంకా బాణాలే.

మరి న్యూజెర్సీ డబ్బాలు ఏమైనట్టు? అప్పట్లో అమెరికా కలగాపులగం ప్లాస్టిక్‌లో పెద్ద భాగం చైనాకి వెళ్ళేది. సరుకు తెచ్చిన కంటెయినర్లు ఎలాగూ ఖాళీగా తిరిగెళ్ళాలి, అందుకని కిరాయి చవక. నావీ ఆ ఓడే ఎక్కి ఉండొచ్చు. 2018 జనవరి నుంచి చైనా ఇళ్ళలోంచి వచ్చే ప్లాస్టిక్ చెత్త తీసుకోవడం మానేసింది. ఒక్క దేశం ‘ఇది పోదు’ అనేసరికి ఎన్నో అమెరికా పట్టణాలు రీసైక్లింగ్‌కని విడిగా పోగుచేసింది తీసుకెళ్ళి మామూలు చెత్తలోనే పూడ్చాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2015 దాకా ప్రపంచంలో పోగుబడ్డ ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం దీనికంటే పాత సంగతి. 1953లో వెర్మాంట్ రాష్ట్రం, తిరిగి తీసుకోని గాజుసీసాల్లో బీరు అమ్మకూడదని చట్టం చేసింది. అదే ఏడాది సీసాల, డబ్బాల కంపెనీలు కలిసి ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ మొదలుపెట్టాయి. చెత్త వేసే మనిషిదే తప్పని అది ఊరూరా చెప్పింది. సీసా చేసినవాడి ఊసు లేదు. వెర్మాంట్ చట్టం నాలుగేళ్ళకే ముగిసిపోయింది. 1971లో ఆరెగాన్ సీసాకి 5 సెంట్లు డిపాజిట్ పెడితే అదేదో కొత్త ఆలోచనలా చూశారు.

మా చిన్నప్పుడు కిళ్ళీకొట్టు ముందు కూల్‌డ్రింక్ నిలబడే తాగేవాళ్ళం. ఇంటికి పట్టుకెళ్తానంటే కొట్టాయన సీసాకి డబ్బులు కట్టించుకునేవాడు, సీసా ఇస్తే తిరిగిచ్చేవాడు. దాన్ని పర్యావరణం అని మేమెవరం అనుకోలేదు. పిసినారితనం అనుకున్నాం. ఆ సీసా కడిగే పని కంపెనీది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి డబ్బా కడిగే పని నాదైంది, అదీ ఇష్టపడి చేశాను!

ఇప్పుడు ఇంట్లోనే తోడు వేస్తున్నాను. మొదటి వారం తోడుకోలేదు, రెండో వారం మరీ పులిసింది. అమ్మకి ఫోన్ చేస్తే "పాలు గోరువెచ్చగా ఉండాలిరా" అంది. పాల ప్యాకెట్లు మిగులుతున్నాయి, కడిగి ఆరేస్తున్నాను. మొన్న ఆదివారం అతనికి చూపించాను. ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి, మిగతావన్నీ గోతాంలో వేసుకున్నాడు.