దుక్కిలో గుడ్లు కనిపిస్తే ట్రాక్టర్ ఆపండి: చేలల్లో, చెట్ల మీద పక్షి గూళ్ల రక్షణ

వేసవి దుక్కులప్పుడు చెలకలో ట్రాక్టర్ దిగగానే ఒక పిట్ట గొంతు చించుకుని అరుస్తూ డ్రైవర్ తల మీద చుట్టూ తిరగడం మీరు చూసే ఉంటారు. అది తీతువు. దాని అరుపు అపశకునమని మన ఊళ్లలో రాయి విసిరి తరుముతారు. కానీ అది గుడ్లు తొక్కవద్దని అరుస్తుంది, అంతే. ఈ పిట్ట గూడు కట్టదు. మట్టిపెళ్లల మధ్య చిన్న గుంటలో నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు అచ్చం మట్టి రంగులో, నల్ల మచ్చలతో ఉంటాయి కాబట్టి ట్రాక్టర్ మీద కూర్చున్నవారికి కనిపించవు.

పిట్ట అరిచిన చోట ఒక నిమిషం ఇంజన్ ఆపి, దిగి వెతకండి. గుడ్లు దొరికితే వాటిని జరపవద్దు. జరిపితే తల్లి మళ్లీ పొదగకపోవచ్చు. చుట్టూ రెండు మీటర్ల చదరం వదిలి, నాలుగు మూలల్లో నాలుగు పుల్లలు పాతండి. ఆ జాగాలో 90×60 సెంటీమీటర్ల దూరంలో వేస్తే పట్టేది ఏడెనిమిది పత్తి మొక్కలు. మీకు పోయేది అంతే. పిల్లలు బయటికి రావడానికి నాలుగు వారాలు పడుతుంది. పుట్టిన కొన్ని గంటల్లోనే తల్లి వెంట నడిచి వెళ్లిపోతాయి. తర్వాత ఆ జాగా దున్నుకోండి. పుల్లలకు రంగు గుడ్డలు కట్టకండి, కాకులకూ కుక్కలకూ అవే దారి చూపిస్తాయి.

టేకులపల్లి చుట్టుపక్కల మన చేలు అడవి అంచును ఆనుకుని ఉంటాయి. కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం కూడా మనకు దూరం కాదు. అందుకని మన గెట్ల మీద, బావుల మీద, మోడు తాళ్లలో గూళ్లు ఎక్కువ. మోడు తాటిచెట్టు పనికిరానిదని కొట్టేస్తుంటాం. పాలపిట్ట గుడ్లు పెట్టేది ఆ తొర్రల్లోనే, చిలుకలూ గుడ్లగూబలూ కూడా తొర్రలే వెతుక్కుంటాయి. ఇంటి మీదకో కరెంటు తీగల మీదకో ఒరగని మోడును ఉండనివ్వండి. గుడ్లగూబ రాత్రంతా మీ వరి గెట్ల మీద ఎలుకలు పడుతుంది. ఎలుక మందు పెట్టినచోట మందు తిన్న ఎలుకను తిని అదీ చస్తుంది. అందుకే చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టమని చెబుతుంటాను.

గిజిగాడి గూళ్లను వానాకాలంలో పిల్లల ఆటకు కోసుకురావద్దు. ఆ పిట్ట గింజలు తింటుంది, నిజమే. కానీ తన పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే. పత్తిలో, మొక్కజొన్నలో ఎకరాకు పది పక్షి స్థావరాలు పెట్టమని మేం ఏటా చెప్పేదీ ఇందుకే. పసుల పోలిగాడు ఆ పంగల కర్ర మీద కూర్చుని పురుగును పట్టుకుంటుంది. జొన్నలో మాత్రం గింజ పాలు పోసుకునే వేళకు ఆ కర్రలు తీసేయండి, లేకపోతే చిలుకలకు పీట వేసినట్టే.

గింజ పంటను కాపాడుకోవద్దా అని మీరు అడుగుతారు. కాపాడుకోవాలి. ఎరుపు, వెండి రంగుల మెరిసే రిబ్బన్లను కొద్దిగా మెలిపెట్టి, గాలికి అడ్డంగా పంటకు పైన కట్టండి. ఎండకు మెరుస్తూ, గాలికి మోగుతూ పిట్టలను దూరం పెడతాయి. మొక్కజొన్నలో గెట్ల పక్క వరుసల కంకులను అదే మొక్క ఆకులతో చుట్టండి. నష్టం ఎక్కువగా ఆ వరుసల్లోనే ఉంటుంది. పొద్దున, సాయంత్రం మంచె మీద మనిషి ఉంటే అన్నిటికన్నా మేలు.

మందు కలిపిన గింజలు చల్లవద్దు

కొన్నేళ్ల కింద ఒక తండాలో నెమళ్ల బాధకు ఓర్వలేక ఒక రైతు పురుగుమందులో నానబెట్టిన మక్కలు గెట్టు మీద పోశాడు. నెమళ్లతో పాటు పక్కింటి కోళ్లు, ఒక మేక చచ్చాయి. ఊళ్లో పంచాయితీ అయింది. మందు కలిపిన చేతులతోనే ఆయన బీడీ ముట్టించుకున్నాడని తెలిసి నాకు చెమటలు పట్టాయి. అంతకు వారం ముందు అదే రైతు నా దగ్గరికి వచ్చి నెమళ్ల గురించి అడిగితే, పనుల తొందరలో ‘తర్వాత చూద్దాం’ అని పంపించాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షిని చంపడమే కాదు, గుడ్లను పాడుచేయడం, గూటిని చెదరగొట్టడం కూడా వేటే. నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అడవి పందుల కోసం కరెంటు తీగ పెట్టడం ఇంకా ప్రమాదం, దానికి పంది, నెమలి, మనిషి అన్న తేడా తెలియదు.

ఊరి చింతచెట్లు, వచ్చే చూపరులు

ఖమ్మం రూరల్ మండలం చింతపల్లిలో ఇళ్ల మధ్య చింతచెట్ల మీద కొంగలు గూళ్లు కడతాయి. అందరూ సైబీరియా కొంగలంటారు. అవి ఎర్రకాళ్ల కొంగలు, మన దేశం పక్షులే. నీళ్లు, చేపలు ఉన్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. అసలైన సైబీరియా కొంగలు మన దేశానికి రావడం 2002 తర్వాత ఆగిపోయింది. చెట్టు కింద రెట్ట కంపు, కిందపడిన చేపల వాసన ఆ ఇళ్లవాళ్లే భరిస్తారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ ఇదే తీరు, అక్కడివారు పక్షులు రాకపోతే ఊరికి కీడని అనుకుంటారు. కర్ణాటకలోని కొక్కరెబెళ్లూరులో గూళ్లున్న చెట్ల యజమానులకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. చింతపండు నష్టపోయే మనిషికి ఏదో ఒకటి అందడం న్యాయమని నా అభిప్రాయం. మీ ఊళ్లో ఇలాంటి చెట్టుంటే గ్రామసభలో తీర్మానం చేసి అటవీ రేంజ్ అధికారికి ఇవ్వండి. తిరుపతి జిల్లా నేలపట్టులో చెరువు మీద గూళ్లుండే పక్షుల రెట్ట నీళ్లలో కలిసి కిందిపొలాలకు ఎరువవుతుంది. మీ చెట్టు కింది మట్టిని కూడా ఎండిన తర్వాత కంపోస్టు గుంతలో వేసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తవ్వండి.

చెట్టు కొట్టక తప్పకపోతే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోండి. అనుమతి ఉన్నా గూళ్లు ఖాళీ అయ్యేదాకా ఆగండి.

ఈ మధ్య మన వైపు కెమెరాలు పట్టుకుని పక్షులను చూసేవాళ్లు వస్తున్నారు. చాలామంది నెమ్మదైన మనుషులే. వాళ్లు మాటు కట్టుకుంటామని మీ చేను అడిగితే ఇవ్వండి, కానీ షరతులు మీవే. మాటు గుడ్లు పెట్టక ముందే కట్టాలి, పెట్టాక దగ్గరికి జరపకూడదు. ఫొటో బాగా రావాలని గూటి ముందు కొమ్మ నరకనివ్వకండి. ఎండ తగిలి పిల్లలు చస్తాయి, కాకికి దారి దొరుకుతుంది. ఫోన్‌లో పిట్ట కూత వినిపించి పిలవడం వద్దని చెప్పండి. గూడు ఎక్కడుందో ఫోన్లలో అందరికీ పంపవద్దని కూడా.

పక్షులు పోయాక ఆ మాటును ఊరికే వదిలేస్తే ఉచ్చు వేసేవాడికీ, తాగేవాడికీ అడ్డా అవుతుంది. పని అయ్యాక తడికలు విప్పించి, కర్రలు ఇంటికి తెచ్చుకోండి. పత్తి కట్టె తగలబెట్టే రోజుల్లో గెట్టు మంట మాటు దాకా, గూటి చెట్టు దాకా పాకుతుంది. అసలు కట్టెను కాల్చకుండా ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి భూమిలో కలిపితే మేలు. కాల్చక తప్పదంటే చుట్టూ రెండు సాళ్లు దున్ని, బిందెలతో నీళ్లు దగ్గర పెట్టుకుని, గాలి లేని పొద్దున కాల్చండి.

కిందపడిన పిల్ల పక్షి కనిపిస్తే నీళ్లు నోట్లో పోయకండి. గూడు అందితే తిరిగి పెట్టండి, మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది ఒట్టి మాట. అందకపోతే గంపలో నీడన ఉంచి అటవీ బీట్ అధికారికి కబురు చేయండి. ఒకేచోట నాలుగైదు పక్షులు చచ్చి కనిపిస్తే మాత్రం ఉత్త చేతులతో ముట్టుకోకండి, కోళ్లను అటు పోనివ్వకండి, పశువైద్యుడికి ఆ రోజే చెప్పండి.