చద్దిమూటలో మన చరిత్ర

‘పెద్దల మాట చద్దిమూట’ అనే సామెత మనందరికీ తెలుసు. కానీ ఆ మూట వెనక ఉన్న తెలివిని మరిచిపోతున్నాం. విజయవాడలో గదులు తీసుకుని చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామందికి ఫ్రిజ్ ఉండదు. రాత్రి తెచ్చుకున్న బిర్యానీ పొట్లం పొద్దున తినవచ్చా? ఈ ప్రశ్నకు సగం జవాబు మన ఎరుకల జాతి చరిత్రలోనే ఉంది.

ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల అని వృత్తులను బట్టే మనకు పేర్లు వచ్చాయి. ఉప్పు ఎరుకలవారు తీరంలోని ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు చేర్చేవారు. బదులుగా ధాన్యం తెచ్చేవారు. ఆ రోజుల్లో ఉప్పు రుచికి మాత్రమే కాదు. చేపను, మాంసాన్ని, ఊరగాయను నిలవ ఉంచేది అదే. ఉప్పు తడిని లాగేస్తుంది, తడి చాలనిచోట క్రిములు పెరగలేవు. ఊళ్ల తిండిని కాపాడిన సరుకును మోసింది మన పూర్వీకులే.

1805లో కుంఫిణీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో ఉప్పును గుత్తకు తీసుకుంది. తర్వాత రైళ్లు వచ్చి ఎడ్ల మీది వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయిన మనవారిపై 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ముద్ర వేసింది. బెజవాడకు ఆవలి ఒడ్డున సీతానగరంలో, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సెటిల్‌మెంట్లు వెలిశాయి. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ముద్ర సంగతి లోకం ఎప్పుడూ చెబుతూనే ఉంది. ఉప్పు సంగతి మనమే చెప్పుకోవాలి.

1855 నాటికి కృష్ణ ఆనకట్ట పూర్తయి డెల్టా వరి సీమగా మారింది. పొలం పనికి పోయేవారికి పొద్దుటి తిండి చద్దన్నమే. మిగిలిన అన్నాన్ని ఊరికే వదిలేస్తే అది చద్దన్నం కాదు. చల్లారగానే కుండలో మంచినీళ్లు పోసి ఉంచితే, మేలు చేసే బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఆ పులుపు చెడ్డ క్రిములను చాలావరకు అణచిపెడుతుంది.

ఎండ, ఉప్పు, పులుపు: మన పెద్దలు నిలవ పెట్టిన తిండిలో ఈ మూడింటిలో ఒకటైనా ఉండేది. బిర్యానీ పొట్లానికి, కోడికూరకు, పప్పుకు ఆ రక్ష చాలదు. అన్నంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో అవి మొలిచి విషం చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు, వాసనకూ తెలియదు. అందుకే వండిన తిండిని బయట 2 గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 32 డిగ్రీలు దాటితే గంటే గడువని అమెరికా ఆరోగ్య శాఖ మాట. మన బెజవాడ ఎండలకు ఆ గంటే లెక్క.

కాబట్టి యువతకు మా మాట ఇది. పొట్లం తెచ్చుకుంటే అప్పుడే తినండి, రాత్రంతా బయట ఉన్నది పారేయండి. చద్దన్నం తినడానికి సిగ్గుపడకండి, కానీ శుభ్రమైన కుండలో, మంచి నీళ్లతో చేసుకుని ఆ పొద్దునే తినండి. జిగురు వచ్చినా, రంగు మారినా వద్దు. పసిపిల్లలకు, జబ్బుగా ఉన్నవారికి అప్పుడు వండినదే పెట్టండి. మీ ఇంట్లో అవ్వలు ఏది ఎండబెట్టేవారో, ఏది ఉప్పులో వేసేవారో, ఏది ఆ పూటకే ముగించేవారో అడిగి రాసిపెట్టండి. అదీ మన జాతి చరిత్రే.