సూర్యుడి తుఫాను – చంద్రుడి దారి

సిగ్నల్స్‌లో పనిచేసిన వాళ్ళకి సూర్యుడితో పాత పరిచయమే. పట్టపగలు బాగా పలుకుతున్న హెచ్.ఎఫ్. సెట్టు ఉన్నట్టుండి మూగబోతుంది. ఏరియల్ బాగానే ఉంటుంది, బ్యాటరీ బాగానే ఉంటుంది. సూర్యుడి మీద పేలుడు జరిగి, పైనున్న అయనావరణం చెదిరితే అలా అవుతుంది. మనకు పోయేది మాట మాత్రమే. భూమిని విడిచి దూరం వెళ్ళిన వ్యోమగామికి ప్రాణం మీదికే రావచ్చు.

1972 సంగతి చెబుతాను. ఏప్రిల్ 27న అపోలో-16 చంద్రుడి నుంచి తిరిగి వచ్చింది. డిసెంబరు 7న అపోలో-17 బయలుదేరింది. ఈ రెంటి మధ్య, ఆగస్టు మొదటి వారంలో సూర్యుడి మీద వరసగా పేలుళ్ళు జరిగాయి. మామూలుగా రెండు మూడు రోజులు పట్టే తుఫాను ఆగస్టు 4న సుమారు 15 గంటల్లోనే భూమిని తాకింది. ఆ రోజే ఉత్తర వియత్నాం తీరంలో అమెరికా నేవీ వేసిన మైన్లు, ఏ ఓడా దగ్గరికి రాకుండానే, డజన్ల కొద్దీ పేలిపోయాయి. ఓడ ఇనుముకి అయస్కాంత క్షేత్రం మారితే పేలే మైన్లవి. ఆ మార్పు సూర్యుడే తెచ్చాడు.

ఆ వేళ చంద్రుడి మీద ఎవరైనా సూటు వేసుకుని తిరుగుతూ ఉంటే ప్రోటాన్ల దెబ్బకి వాంతులు, రక్తకణాలు పడిపోవడం తప్పేది కాదు. ఆస్పత్రి చూస్తే 3,84,000 కిలోమీటర్ల దూరం! అపోలో వాళ్ళది అదృష్టమనే నేనంటాను.

మనకి గాలి ఒక డాలు, భూమి అయస్కాంత క్షేత్రం ఇంకో డాలు. గాలి సంగతి మన కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి ఏనాడో తెలుసు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల జాడ పట్టడానికి దేవేంద్రమోహన్ బోస్, బిభా చౌధురి ఫోటో ప్లేట్లను డార్జిలింగ్‌కి, ఇంకా పైన సుమారు 12,000 అడుగుల సందక్‌ఫూకి మోయించారు. పైకి పోయేకొద్దీ గాలి పలచన, కిరణాలు ఎక్కువ. 1941లో వాళ్ళ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి.

1984లో రాకేశ్ శర్మగారు, 2025లో శుభాంశు శుక్లా వెళ్ళింది రెండో డాలు కిందికే. చంద్రుడి దారిలో అది ఉండదు. 2022లో మనుషులు లేకుండా వెళ్ళిన ఆర్టెమిస్-1లో హెల్గా, జోహార్ అనే రెండు బొమ్మల్ని కూర్చోబెట్టి రేడియేషన్ కొలిచారు. ఓరియన్ నౌకలో తుఫాను వస్తే సామాన్ల సంచులు చుట్టూ పేర్చుకుని మధ్యలో దూరాలి. ఇసుక బస్తాల మోర్చా లాంటిదే, కాకపోతే ఇక్కడ నీళ్ళు, ప్లాస్టిక్ లాంటి హైడ్రోజన్ ఎక్కువున్న వస్తువులు బాగా ఆపుతాయి.

ఇక సెంట్రీ పని. నదియా జిల్లా మోహన్‌పూర్‌లోని ఐసర్ కోల్‌కతాలో సౌర తుఫానుల్ని ముందే అంచనా కట్టే పని జరుగుతోంది. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1, 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ణి చూస్తోంది. పేలుడు వెలుగు మనకి 8 నిమిషాల్లో కనబడుతుంది. బాగా వేగమైన ప్రోటాన్లు గంటలోపే వచ్చేస్తాయి. మోర్చాలో దూరడానికి ఉండే టైము అంతే.