యావత్తావత్తు: తెలియనిదానికి పేరిడిన విద్య

బీజగణితమనిన పెక్కుమంది బాలురకు బెదురు. "పక్షము మారిన చిహ్నము మారును" అని వారు వల్లింతురు. ఏల మారునని యడిగితిమా, నేల చూతురు. ముప్పదియేండ్లకు పైగా బడిలో గణితము చెప్పిన నాకీ సంగతి చిరపరిచితము. ఆ ప్రశ్నకు సమాధానము మన ప్రాచీన గ్రంథములయందే కలదు. దానిని నేడు మనవి చేసెదను.

తెలియని రాశిని కనుగొనుటకు పూర్వులకు రెండు త్రోవలుండెను. మొదటిది ఇష్టకర్మ. 1114లో జన్మించిన భాస్కరాచార్యుడు లీలావతిలో దీనికొక చక్కని లెక్క నిచ్చెను. ఒక తామరపూల రాశిలో మూడవ వంతు శివునకు, ఐదవ వంతు విష్ణువునకు, ఆరవ వంతు సూర్యునకు, నాలుగవ వంతు దేవికి అర్పింపగా, మిగిలిన ఆరు పూలు గురుపాదములను చేరినవి. మొత్తము పూలెన్ని? మన యిష్టము వచ్చిన సంఖ్యను, 60 అనుకొందము. అందు 20, 12, 10, 15 పోగా 3 మిగులును. మిగులవలసినవి 6, అనగా రెండింతలు. కావున పూలు 120. ప్రాచీన ఈజిప్టు లేఖకులును ఇట్టి పద్ధతి నెరుగుదురు.

కాని యీ త్రోవ యెల్లెడల సాగదు. ఆచార్యుని బీజగణితములోని వేరొక లెక్క వినుడు. ఒకనికి 6 గుఱ్ఱములును 300 రూపకములును కలవు. మరియొకనికి 10 గుఱ్ఱములు కలవు గాని 100 రూపకముల ఋణమున్నది. ఇరువురి ధనము సమానము. ఒక్కొక్క గుఱ్ఱము వెల యెంత? 50 అనుకొన్నచో మొదటివాని ధనము 600, రెండవవానిది 400 అగును. ఇక నెన్ని రెట్లు చేసినను ప్రయోజనము లేదు. గుఱ్ఱము వెల పెరిగినంతమాత్రమున చేతి రొక్కమును, అప్పును పెరుగవు గదా!

ఇచ్చట రెండవ త్రోవ యక్కఱకు వచ్చును. తెలియనిదానికి ముందుగా నొక పేరిడి, తెలిసినదానివలెనే దానితో వ్యవహరింపవలెను. ఆ పేరు యావత్తావత్తు, అనగా "ఎంతయో అంత". దానిని "యా" అనియు, తెలిసిన సంఖ్యను "రూ" అనియు సంక్షేపించి, ఋణసంఖ్యపై చుక్క యుంచెడివారు. నేటి సమచిహ్నము 1557లో వేల్సు దేశీయుడైన రాబర్టు రికార్డు గ్రంథమున వెలసినది. మనవారు రెండు పక్షములను ఒకదానిక్రింద నొకటిగా వ్రాసికొనిరి.

పిమ్మట సమశోధనము. ఇరువురియొద్దనుండి ఆరేసి గుఱ్ఱములను తొలగింపుడు. మొదటివానికి 300 రూపకములే మిగులును. రెండవవానికి 4 గుఱ్ఱములును 100 ఋణమును ఉండును. ఇప్పుడిరువురకును నూరేసి రూపకము లిండు. రెండవవాని యప్పు తీరెను, మొదటివాని రొక్కము 400 ఆయెను. నాలుగు గుఱ్ఱముల వెల 400 గనుక ఒకదాని వెల 100. సరిచూచినచో ఇరువురి ధనమును 900.

ఇందు గమనింపదగిన దేమి? రెండవ పక్షమున ఋణముగానున్న నూరు మొదటి పక్షమున ధనమై కనబడినది. అది గోడ దూకి వేషము మార్చుకొనలేదు. ఇరుపక్షములకు సమముగా నూరు కలుపుటచే ఒకచోట ఋణము తీరినది, వేరొకచోట ధనము పెరిగినది. చిహ్నము మారుట యనగా నింతియే.

ఈ లెక్క తెగు విధమును ఆర్యభటుడు 499 ప్రాంతముననే సూత్రించెను. రూపకముల యంతరమును వస్తువుల యంతరముచే భాగింపుమనెను. ఇచ్చట 400ను 4చే భాగించుట యదియే. 628లో బ్రహ్మగుప్తుడును అవ్యక్తమును గూర్చి యిట్టి సూత్రమునే చెప్పెను. 9వ శతాబ్దిలో బాగ్దాదునందు అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథమునకు పెట్టిన పేరులోని "అల్ జబ్ర్" అను మాటయు, లోటైనదానిని ఇరుపక్షములకు కలిపి పూరించుటనే తెలుపును. ఆల్జీబ్రా యను పేరు దానినుండియే పుట్టినది.

కావున ఉపాధ్యాయులకును తలిదండ్రులకును నా మనవి యొక్కటి. సూత్రమును వల్లింపజేయుటకు ముందు, పిల్లవానిచేత ఈ యిరువురి గుఱ్ఱములను తొలగింపజేయుడు, అప్పు తీర్పింపజేయుడు. ఇరువైపుల సమముగా చేసినది సమత్వమును చెరుపదని వాడు తానే కనుగొనును. అటుపిమ్మట సూత్రమును మరచినను, దానిని మరల తానే కల్పించుకొనగలడు.